మూడో లైటు

“వెలిగింది! వెలిగింది!” అని అరిచాడు శేషప్ప.

కొట్లో ఉన్న పదిమందీ ఒక్కసారిగా కంప్యూటర్ మీదికి వంగారు. వీరేష్ కీబోర్డు వైపు చూసి నవ్వాడు.

“అది క్యాప్స్ లాక్ తాతా. నీ మోచెయ్యి తగిలి వెలిగింది. మనకు కావాల్సింది కడాది, మూడో లైటు.”

“ఏదైతేనేమప్పా, లైటు లైటే కదా,” అంటూ శేషప్ప చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆయన వచ్చింది పొలం కాగితం ప్రింటు కోసం. అది చేతికొచ్చి గంటయింది. అయినా కదల్లేదు.

ఎమ్మిగనూరు బస్టాండు ఎదురుగా వీరేష్‌ది ఒక్క కంప్యూటర్ ఉన్న చిన్న నెట్ సెంటర్. ఆ రోజు పదో తరగతి ఫలితాలు. పదిన్నరకే అన్నారు గానీ పన్నెండవుతున్నా వెబ్‌సైటు తెరుచుకోలేదు. దాని ముందే కూర్చుంటే మిగతా వాళ్ళ దరఖాస్తులు ఆగిపోతాయి. గంట మోగేలా పెడదామంటే బస్సుల హారన్లలో వినపడదు. అందుకే పొద్దున్నే చిన్న ప్రోగ్రాం రాసి పెట్టాడు. నిమిషానికోసారి కంప్యూటరే వెళ్ళి చూసొస్తుంది. వెబ్‌సైటు తెరుచుకుంటే కీబోర్డు మీది స్క్రోల్ లాక్ లైటు వెలుగుతుంది. ఆ మీటను ఎవరూ వాడరు. కొన్ననాటి నుంచీ ఊరికే పడి ఉన్న లైటది.

దాని వంక అందరికంటే దగ్గరగా, స్టూలు మీద కూర్చుని చూస్తున్నది తిప్పమ్మ. నందవరం దగ్గర పల్లె ఆమెది. కూలి పని మానుకుని, కూతురు స్వప్నను వెంటబెట్టుకుని ఏడు గంటల ఆటోకే వచ్చింది.

“అక్కా, రెప్ప కొట్టు. ఏం కాదు. వెలిగిందంటే నేను ఆపేదాకా ఆరదు,” అన్నాడు వీరేష్. “ఇన్ని నీళ్ళన్నా తాగు.”

“అది వెలిగినాక తాగుతా అప్పా.”

“పాపను సూడు, ఎంత ధైర్యంగా ఉండాదో. నీదే అంతా భయం.”

స్వప్న ఏదో చెప్పబోయింది. తిప్పమ్మ ఆ పిల్ల చెయ్యి గట్టిగా నొక్కింది. స్వప్న నవ్వు దాచుకుని తల వంచుకుంది.

“ఎట్ల రాసినట్టు?” అని అడిగాడు శేషప్ప.

“అన్నీ బాగనే తాతా. లెక్కలే కొంచెం అనుమానం,” అంది స్వప్న.

“పోతేనో?”

దానికి తిప్పమ్మే జవాబు చెప్పింది. “పోతే ఏముండాది? మళ్ళీ మూట కట్టుకుని గుంటూరు పోయేది, మిరపకాయలు కోసేది. పాసైతే ఊర్లోనే ఏదన్నా ఉద్యోగం దొరికి ఈ యేడు వలస తప్పుతాది.”

అక్కడున్న వాళ్ళలో సగం మందికి ఆ మిరప చేలు తెలుసు. మంట తగ్గక రాత్రంతా చేతులు నీళ్ళలో పెట్టుకుని కూర్చోవడం తెలుసు. వీరేష్‌కు ప్రాణం చివుక్కుమంది.

“అట్లనొద్దక్కా. ఒక్క సబ్జెక్టు పోతే మళ్ళీ రాసుకోవచ్చు. దానికి చదువు మాన్పిస్తారా యాడన్నా?”

“మాన్పిస్తే నేనూరుకుంటానా అన్నా?” అంది స్వప్న. “కొట్లాడనూ?”

అందరూ నవ్వారు. తిప్పమ్మ కూడా నవ్వింది. నవ్వుతూనే కళ్ళు మళ్ళీ కీబోర్డు మీదికి తిప్పి, అట్లాగే లేచి నిలబడింది. వేలు పెట్టి చూపించింది.

కడాన, చిన్న ఆకుపచ్చ చుక్క.

“ఈ తూరి నేను తాకల్యా!” అన్నాడు శేషప్ప, రెండు చేతులూ పైకెత్తి.

వీరేష్ గబగబా కుర్చీ లాక్కున్నాడు. “ముందొచ్చింది మీరే. నంబరు చెప్పు పాపా. హాల్‌టికెట్టు యాడ?”

“నోటికొచ్చన్నా,” అని స్వప్న ఒక్కో అంకే చెప్పింది. పక్కన తిప్పమ్మ పెదవులూ కదులుతున్నాయి.

వీరేష్ కొట్టి చూసి మొహం ముడిచాడు. “ఈ నంబరే లేదంటాండాది.”

తిప్పమ్మ స్టూలు మీద కూలబడింది.

“ఆ పేజీ కాదన్నా,” అంది స్వప్న. “ఓపెన్ స్కూల్‌ది తీయి.”

వీరేష్‌కు సంగతి అర్థమైనట్టు అనిపించింది. వలసల్లో ఈ పాప బడి ఎప్పుడో ఆగిపోయి ఉంటుంది. వెంటనే ఆ పేజీ తెరిచి నంబరు కొట్టాడు. తెర మీద చక్రం తిరిగింది, తిరిగింది, ఆగింది. అతని చూపు తిన్నగా లెక్కల దగ్గరికే పోయింది.

“ముప్పై ఆరు!”

“అంటే?” అన్నాడు శేషప్ప.

“ముప్పై ఐదొస్తే పాసు తాతా. మిగతావన్నీ యాభై దాటినాయి. పాసక్కా, పాసు!”

కొట్టంతా చప్పట్లు. తిప్పమ్మ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. కొంగు తీసేసరికి నవ్వుతోంది. శేషప్ప పక్క హోటల్‌కు పోయి కాగితంలో మైసూర్‌పాకు కట్టించుకొచ్చాడు. తన వాళ్ళెవరూ పరీక్ష రాయకపోయినా ఆయన ఆగలేకపోయాడు.

వీరేష్ పెద్ద ముక్క ఒకటి తీసి స్వప్న ముందు పెట్టాడు. “ఇంద పాపా. ఇంత కష్టపడి రాసినావు, ముందు నీ నోరు తీపి కావల్ల.”

స్వప్న అమ్మ వైపు చూసింది. ఇప్పుడు చెప్పమన్నట్టు తిప్పమ్మ సిగ్గుపడుతూ తలాడించింది. స్వప్న ఆ ముక్క తీసుకుని అమ్మ నోట్లో పెట్టింది.

“పరీక్ష రాసింది మాయమ్మ, అన్నా.”