సంచిలో సీసాలు

సంచి గలగలమంది.

నాగులమ్మ చెవులు ఆ చప్పుడుకే కాచుకుని ఉంటాయి. బస్టాపు దగ్గర కూర్చున్న మహిళా సంఘం వాళ్లకు సైగ చేసింది.

జడ్చర్ల బస్సు కోసం నిలబడిన పెద్దమనిషి ఊరికి కొత్త. నలిగిన చొక్కా, ఎర్రటి కళ్లు.

“జర సంచి చూపియ్యి, అన్నా.”

“ఎందుకమ్మా?”

“మా ఊరి కట్టుబాటు. మందు సంచులల్లనే తిరుగుతది. అల్లుడైనా ఇడిసిపెట్టం.”

“మొన్న నా అల్లుని సంచి గిట్లనే చూసిండ్రు,” అంది భద్రమ్మ. “కోడికూర దొరికింది. సగం ఈడ్నే అయిపోయింది.”

ఈ సంచిలో మాత్రం సీసాలే. రకానికొకటి.

నాగులమ్మకు కొడుకే గుర్తొచ్చాడు. కొడుకు ఎల్లేష్ కబడ్డీ ఆడి కాస్త ఆలస్యంగా వస్తే చాలు, ఆమె మనసులో వాడు అప్పటికే తాగి, బండి మీంచి పడి, పాలమూరు దవాఖానలో ఉంటాడు.

పెద్దమనిషి ఏదో చెప్పబోయాడు. టీ కొట్టు దగ్గర బుచ్చయ్య ఇటే చూస్తున్నాడు. ఊళ్లో కిరాణా దుకాణం వెనక దొంగచాటుగా మందు అమ్మేది ఆ బుచ్చయ్యే. పెద్దమనిషి మాట మింగేశాడు.

“ఒక్కటన్న ఉంచుర్రి, అమ్మా,” అన్నాడు మెల్లగా.

“ఒక్కటి లేకుంటె పానం ఆగదంట సూడుర్రి,” అంది భద్రమ్మ.

నవ్వుకుంటూ సీసాలన్నీ బండకేసి కొట్టారు.

కొట్టాక నాగులమ్మకు ఇంకో భయం పట్టుకుంది. రోజూ తాగేవాడికి ఒక్కసారిగా మందు ఆగితే ఫిట్స్ వస్తాయంటారు. ఇంటికి ఉరికి చెంబెడు మజ్జిగ తెచ్చింది.

ఆయన గటగటా తాగాడు. “సల్ల కమ్మగున్నదమ్మా,” అని బస్సెక్కి పోయాడు.

నిజానికి ఆ రోజు వాళ్లు ఎదురుచూస్తున్నది ఒక సారు కోసం. మద్యం మీద సర్కారు పెట్టిన నియమాలు ఊళ్లలో నడుస్తున్నాయా లేదా అని చూసే సంఘం ఒకటి జడ్చర్లలో ఉంది. అక్కడి కరుణ మేడం, రేపు కలెక్టర్‌తో మీటింగు ఉందని, ఈలోగా సారును పంపుతున్నానని ఫోన్ చేసింది.

మధ్యాహ్నం తెల్ల కారు వచ్చి ఆగింది. ఇస్త్రీ చొక్కా వేసుకున్న యువకుడు దిగాడు. పేరు వెంకటేష్.

బొట్టు పెట్టారు. శాలువా కప్పారు.

అతను కబడ్డీ ఆడే పిల్లలకు జెర్సీలు పంచాడు. ఎల్లేష్ నిలబడ్డచోటే తొడుక్కున్నాడు. ఛాతీ మీద సోడా సీసా బొమ్మ. కింద ఉన్న పేరును నాగులమ్మ కూడబలుక్కుని చదివింది. పొద్దున పగలగొట్టిన సీసా మీదా అదే పేరు.

“సారూ, గిది మందు పేరు గదా?”

“సోడా, అమ్మా. మందుకు ప్రచారం చేయొద్దని రూలు. సోడాకు లేదు.”

“రేపటి మీటింగుల మా ఊరి ముచ్చట చెప్తరా మరి?”

“ఏం మీటింగు? నేను కంపెనీ నుంచి వచ్చిన. మీరు శాలువ కప్పితే కప్పించుకున్న.”

భద్రమ్మ వెంటనే కరుణకు ఫోన్ కలిపి, అందరికీ వినపడేలా పెట్టింది.

“కృష్ణయ్య సారు పొద్దుగాల బస్సుకే వచ్చిండు కదక్కా. రిటైరైన పంతులు. బుచ్చయ్య దగ్గర కొన్న సీసాలు ఆయన సంచిల ఉంటయి. సీలు పోని నిండు సీసా మీది స్టిక్కర్ సూస్తె ఏ వైన్స్ నుంచి వచ్చినయో బయటపడ్తది. రేపు పొద్దున కలెక్టర్ ముంగట పెట్టాలె. అవి లేకుంటె బుచ్చయ్య దుకాణం బందు కాదు.”

అందరి చూపూ బండ దగ్గరి గాజు పెంకుల మీద పడింది.

“మరి కండ్లు గట్ల ఎర్రగున్నయేంది మేడం?” అంది భద్రమ్మ.

“కండ్ల కలక.”

“మేం సీసాలు పలగ్గొట్టినం,” అంది నాగులమ్మ.

ఫోన్‌లో కరుణ పగలబడి నవ్వింది, మరుక్షణం అయ్యో అంది. “మళ్ల కొనుర్రి. మాపటికల్ల సారుకు చేరాలె.”

నాగులమ్మే వెళ్లింది. కొంగు ముక్కు దాకా లాక్కుంది. ఎవరైనా చూస్తే మాట పుట్టింటికి పోతుంది, ఎల్లేష్‌కు పిల్లనెవరిస్తారు?

“ఏంది వదినా, ఇటొచ్చినవ్?” బుచ్చయ్య పళ్లికిలించాడు.

“మోకాళ్ల నొప్పులు. రాసుకోనీకి. రకానికొకటియ్యి.”

“ఒక్క మోకాలికి గిన్ని రకాలా?”

“సంఘంల అందరికీ నొప్పులే.”

“పొద్దుగాల కాళ్లు మంచిగనే ఉండె, బండకేసి కొట్టేటప్పుడు,” అన్నాడు బుచ్చయ్య. అయినా బేరం వదులుకోలేదు. చకచకా సంచిలో పెట్టిచ్చాడు.

సంచి దొరికింది గానీ బస్సు వెళ్లిపోయింది. ఉన్న ఒక్క ఆటో పెళ్లికి పోయింది. ఎల్లేష్ బండి మీద తీసుకుపోతానన్నాడు.

“హైవే మీద లారీలు నిన్ను సూసి ఆగుతయారా?” అని తల్లి తాళంచెవి లాక్కుంది.

వెంకటేష్ ఇంకా పోలేదు. ఫోన్ విన్నప్పటి నుంచీ కారుకు ఆనుకుని అలాగే నిలబడి ఉన్నాడు. మడతపెట్టిన శాలువా భద్రమ్మకు ఇచ్చేసి, నాగులమ్మ ముందు చేయి చాపాడు.

“నేను జడ్చర్లకే పోతున్న. సంచి ఇయ్యి, అమ్మా.”

“నీకా? కంపెనీ మనిషివి. తొవ్వల వాగుల పారేస్తె మా ఊరి గతేంగాను?” నాగులమ్మ సంచిని రెండు చేతులా కడుపుకు హత్తుకుంది.

“పారెయ్య.”

“ఎట్ల నమ్మాలె?”

“కృష్ణయ్య సారు మా నాయిన, అమ్మా. నేనీ కొలువుల చేరిన కాన్నుంచి నాతోని మాట్లాడుతలేడు, ఈ సంచి ఇస్తెనన్న మాట్లాడుతడేమో.”