ఊరి ఏడాది

"మళ్ల వచ్చినవా? నిన్ననే చెప్పిన గద, పో!" అని నర్సింహ కలం కింద పడేశాడు.

వాకిట్లో మారయ్య చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

ఆ ముసలివాణ్ని చూస్తేనే నర్సింహకు అసహ్యం. ఊరివాడు కాదు. పాలమూరు దిగువన కృష్ణ ఒడ్డున పుట్టాడట. పడుచుతనంలో ఓడెక్కి ఫిజీ దీవికి పోయి, ముప్పై ఏళ్లు చెరుకు కొట్టి, ముసలితనంలో ఈ ఊళ్లోకి వచ్చి పడ్డాడు. ఎందుకొచ్చాడో ఎవరూ అడగలేదు. వచ్చినవాడు వచ్చినట్టు ఉన్నాడా? దొర విడిచిపోయిన కోటలాంటి గడిలో నిజాం రజాకార్లు దిగితే, వాళ్లకు కావడితో నీళ్లు మోశాడు.

నకిరేకల్ దగ్గరి ఆ ఊరికి యూనియన్ మిలిటరీ వచ్చి ఏడాది కావస్తోంది. పటేల్ లింగస్వామి సభ పెడుతున్నాడు. రజాకార్లు దిగిన శ్రావణం నుంచి నేటిదాకా ఊళ్లో జరిగినవన్నీ నెలవారీగా రాసి సభలో చదవమని, రాత వచ్చినవాడని నర్సింహకు పురమాయించాడు.

రాస్తుంటే నర్సింహకు ఒళ్లు కంపరమెత్తుతోంది.

శ్రావణంలో రజాకార్ల మెడలో దండలు వేసింది పటేలే. భాద్రపదంలో మిలిటరీ లారీలకు హారతి పట్టించింది పటేలే. కార్తీకంలో అదే గడిలో మిలిటరీ క్యాంపు పడితే, దొరల మీద తిరగబడ్డ సంఘం వాళ్ల ఇళ్లు వేలు పెట్టి చూపించిందీ పటేలే. టోపీ మారింది, తల అదే.

అయినా ఆయన పేరు మొదట రాయక తప్పలేదు.

ఆ శ్రావణంలో రజాకార్లు ఊరివాళ్లను పదకొండు మందిని గడి ధాన్యపు కొట్టులో వేశారు. పొద్దుగూకేలోపు కాల్చేస్తామన్నారు. మిట్టమధ్యాహ్నం ఎవరో వెనక తలుపు గడియ తీశారు. పదకొండు మందీ జొన్నచేలల్లో పడి బతికిపోయారు. అందులో నర్సింహ ఒకడు.

తీసిన మనిషి కనబడలేదు. "నేనే తీయించిన" అన్నాడు పటేల్ తర్వాత. రజాకార్ల దగ్గర అంత చనువు ఇంకెవరికుంది? ఊరంతా నమ్మింది.

"నా పేరు వద్దయ్యా" అన్నాడు మారయ్య వాకిట్లోంచే. "ఆ కాయితంల హనుమమ్మ పేరు రాయిండ్రి."

హనుమమ్మ గడి ఊడ్చే మనిషి. ఆ మధ్యాహ్నమే రజాకార్లు ఆమెను కాల్చి చంపారు. గింజలు దొంగిలిస్తూ దొరికిందని పటేల్ చెప్పాడు.

"దొంగతనం జేసి సచ్చినామె పేరు సభల సదవాల్నా?"

"ఆమె దొంగ గాదు."

"మరేంది?"

"నేను జెప్తె నమ్మరు గద."

ముసలివాడే మళ్లీ అందుకున్నాడు.

"మా దీవిల గూడ చెరుకు కంపెనీ దొరలు ఏడాదికో పుస్తకం అచ్చేసెటోళ్లయ్యా. లాట్ సాబు వచ్చిండని, రాజు పుట్టినరోజు జేసినమని, గుర్రప్పందేలు జరిగినయని. ఒక ఏడు మేం చెరుకు కొట్టుడు బందు వెట్టి సమ్మె జేసినం. మా ఆడోళ్లు గూడ జైలుకు వోయిండ్రు. పుస్తకంల దాని ముచ్చట ఒక్క ముక్క లేదు. గెలిచిన గుర్రాల పేర్లు మాత్రం ఉండె."

"రజాకార్ల కావడి మోసినోనివి, నాకు సుద్దులు జెప్తున్నవా? థూ!"

ఉమ్మి ముసలివాడి కాలి పక్కనే పడింది. అతను వెళ్లిపోయాడు.

సభ రోజు గడి ముందు పందిరి వేశారు. పటేల్ ఖద్దరు వేసుకుని నడిమి కుర్చీలో కూర్చున్నాడు. నర్సింహ చదువుతున్నాడు.

"శ్రావణ మాసమున పదకొండుగురి ప్రాణములు కాపాడిన ధీరులు శ్రీ లింగస్వామి పటేల్ గారు..."

చప్పట్లు మోగాయి.

"హనుమమ్మ!" అని జనం వెనక నుంచి ఒక కేక.

పటేల్ మొహం నల్లబడింది.

"వాణ్ని ఎల్లగొట్టుండ్రి!" అని అరిచింది మాత్రం నర్సింహే.

వలంటీర్లు మెడపట్టి గెంటారు. ముసలివాడు రాళ్ల మీద బోర్లా పడ్డాడు. జనం నవ్వారు. పటేల్ మెడలో దండ పడింది.

మూడో రోజు మారయ్య పాడుబడ్డ కొట్టంలో చచ్చిపడి ఉన్నాడని తెలిసింది. శవాన్ని తీయించమని పటేల్ పంపితే నర్సింహ వెళ్లాడు, ఉత్తరీయం ముక్కుకు అడ్డం పెట్టుకుని.

ఎవరూ రాలేదు. గడిలో వంట చేసే సుక్కమ్మ ఒక్కతే శవానికి నీళ్లు పోస్తోంది.

"ఏం నర్సింహా, వాసనొస్తాందా?" అంది తల ఎత్తకుండానే.

"నువ్వెందుకు ముట్టుకుంటున్నవు? నీకేమైతడు?"

"నాకేం గాడు."

చెంబు పక్కన పెట్టి, ముసలివాడి మొహం కొంగుతో తుడిచింది.

"పటేలుకు భయపడి ఏడాది నోరు మూసుకున్న. నా బతుకు మీద నాకే అసయ్యమైతాంది."

"ఏం జూసినవు నువ్వు?"

"వంటింట్లకెల్లి అంత సూసిన బిడ్డా. మీ కొట్టు గడియ తీసింది గీ మారయ్యనే. తుపాకులు ఈయన దిక్కు మళ్లితె 'తీసింది నేను' అనుకుంట అడ్డమొచ్చిన హనుమమ్మ, పాలు తాగేటప్పుడు ఈయన ఇడిసి ఓడెక్కిన కన్నబిడ్డ."