కళ్ళు లేని డ్రాగన్

"ఇంకా కళ్ళు పెట్టలేదా? రేపు పుస్తకం ప్రెస్సుకి వెళ్లాలే తల్లీ!"

అక్క తల పట్టుకుంది. చైనా జానపద కథల ఆధారంగా పిల్లల నవల రాసింది తను; బొమ్మలు వేస్తున్నది చెల్లెలు.

చెల్లెలు కడిగిన కుంచెనే మళ్లీ కడుగుతోంది. "కళ్ళు పెట్టగానే బొమ్మలోని డ్రాగన్ ఎగిరిపోతుందని నువ్వే రాశావుగా!"

"అది కథే! కాగితం మీద బొమ్మ ఎక్కడికి ఎగురుతుంది? నా ప్రాణం తీయకు."

"బొమ్మ సంగతి కాదక్కా. ఏళ్ల తరబడి నా గడప తొక్కలేదు నువ్వు. ఈ పుస్తకం పుణ్యమా అని రోజూ వస్తున్నావు."

అక్క విసురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"నోరు మూసుకుని కళ్ళు పెట్టు. రెండో భాగంలో దానికి ఏడు పిల్లలు పుడతాయి. పద్నాలుగు కళ్ళు, ఇప్పుడే చెప్తున్నా!"