మూడో రుజువు

నజ్లా తాతయ్య మంచం కింద రాలిన సున్నం ఊడుస్తోంది. నిన్న చేటెడు వచ్చింది. ఇవాళ రెండు చేటలు.

"ఊడ్చింది చాల్లే, ఆ కాలేజీ వ్యాసం చదువు," అన్నాడు హిల్మీ తాతయ్య, పంజరంలో పిట్టకి గింజలు పోస్తూ. అలెగ్జాండ్రియాలో నలభై ఏళ్లు పంతులుగా చేసిన మనిషి. ఆకుపచ్చ సిరా కలం ఇంకా జేబులోనే ఉంది.

నజ్లా కాగితాలు తీసింది.

"రేపటికల్లా తేలిపోవాలి తాతయ్యా. ఈ వ్యాసం నెగ్గకపోతే..." కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఏడుపుకి మార్కులుండవు. మొన్న తనతో వచ్చేయమని ఏడ్చిన మీ అమ్మకీ అదే చెప్పి పంపాను. ఊఁ, చదువు!"

"సముద్రపు గాలి తగిలే పాత మేడ మీద కొత్త అంతస్తులు వేస్తే, అది కూలుతుంది."

"దేవుడు నీ చెవిలో చెప్పాడా? రుజువు?"

"ఉప్పుగాలికి లోపలి ఇనుము తుప్పుపట్టి ఉబ్బుతుంది. గోడ చీలుతుంది."

"అది పుస్తకం చెప్పింది. నువ్వేం చూశావు?" కాగితం మీద ఆకుపచ్చ గీత పడింది.

"మెట్ల పక్క పగులు మీద అద్దం ముక్క అతికించాను. ఎనిమిది రోజుల్లో విరిగింది. అంటే పగులు పెరుగుతోంది."

"ఏ అద్దం?"

"అమ్మమ్మ ఫోటోది."

"ఓసి దొంగా! పిల్లి పగలగొట్టిందన్నావుగా!" నవ్వాడు. వెంటనే కళ్లు చిట్లించాడు. "మరి ఎదుటివాడి వాదనో? డెబ్బై ఏళ్లు నిలబడ్డ మేడ ఇప్పుడెందుకు పడుతుంది, అంటాడు వాడు."

"డెబ్బై ఏళ్లు నిలబడింది నాలుగు అంతస్తులు. పై రెండూ వేసి మూడేళ్లే."

కింద వీధిలో ట్రామ్ వెళ్లింది. తాతయ్య గ్లాసులో టీ వలయాలుగా కదిలింది. నజ్లా పైకప్పు వంక చూసింది. ట్రామ్ వెళ్లిపోయినా టీ కాసేపు కదులుతూనే ఉంది.

"మూడో రుజువు?" తాతయ్య గొంతు తగ్గింది.

"రోజూ రాలే సున్నం కొలిచాను. మొదటి వారం చారెడు. నిన్న చేటెడు. ఇవాళ..."

ఆమె చదవలేకపోయింది. తాతయ్య వంగి, మంచం పక్కనున్న రెండు చేటల కుప్పని చాలాసేపు చూశాడు. కాగితం అడుగున 'ఒప్పుకున్నాను' అని ఆకుపచ్చగా రాశాడు. అద్దం లేని ఫోటోని గోడమీంచి తీసి చంకలో పెట్టుకున్నాడు. పంజరం అందుకున్నాడు. గడప దాటి మెట్లు దిగిపోయాడు.

ఆ వ్యాసం రాయమని కాలేజీలో ఎవరూ అడగలేదు.