ఎవరో పెట్టిన ఫొటో

మా కుసుమకుమారికి ఎయిడ్స్ ఉందని రాసిన రక్తపరీక్ష కాగితాన్ని, ఎవరో రోజూ రేట్లు కనుక్కునే మా చేపలమ్మే ఆడవాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టేశారు. మర్నాటి నుంచి మార్కెట్లో నా కూతురి పక్కన ఒక్కరూ గంప దించలేదు. వారం తిరక్కుండా పిల్ల ప్రాణం తీసుకుంది.

పెట్టినవాళ్లను పట్టుకోమని స్టేషనుకెళ్లాను.

"రోగి గుట్టు బయటెడితే జైలేనమ్మా, సట్టం ఉన్నాది. ఎవుల మీద అనుమానం?" అన్నాడు హెడ్డు.

"ఆసుపత్రోల మీదే బాబూ. ఆల పేర్లు రాయి."

"ఆ కాగితం నువ్వెవులికీ సూపించనేదా?"

"మా తమ్ముడికే. ఇంగిలీసు సదివి సెప్తాడని ఫొటో పంపినాను. ఆడు పలకనేదు."

"ఎలాగ పంపినావు?"

"రోజూ రేటు కోసం గంపలో సేపల ఫొటో ఎలాగ పంపుతానో, అలాగే."

ఆయన రాయడం ఆపేశాడు.

"అది గ్రూపుకెల్లిపోద్ది గదమ్మా," అన్నాడు మెల్లగా.

గొడవ మొదలైన ఆ సాయంత్రమే కుసుమ నా ఫోను అడిగి తీసుకుని, చాలాసేపు ఏదో చెరిపింది. "ఏటే అది?" అన్నాను.

"ఏటీ నేదమ్మా. సేపల ఫొటోలు నిండిపోనాయి," అంది.