ఓడినవాడి కాజా

మారథాన్‌లో మొదట వచ్చిన తాతాజీ డోపింగ్ పరీక్షలో దొరికిపోయాడు. రెండోవాడిగా వచ్చిన నాకు ఆ బంగారు పతకం ఇచ్చారు. సామర్లకోటలో సన్మానం చేసి, "నిజాయితీపరుడండి మనవాడు!" అని మైకులో తెగ పొగిడారు.

సభ అయ్యాక తాతాజీయే నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. కాలవగట్టు మీద పదేళ్లు కలిసి పరిగెత్తినవాళ్ళం. ఓడినవాడు గెలిచినవాడికి కాజా తినిపించడం మా ఇద్దరి అలవాటు. పొట్లం విప్పి నా నోట్లో కాజా పెట్టాడు.

"ఇద్దరం ఒకే డాక్టరు దగ్గర ఒకే ఇంజక్షన్ చేయించుకున్నాం. వాళ్ళెంత అడిగినా నీ పేరు మాత్రం చెప్పలేదు బావా."

"చెప్పాల్సింది," అన్నాను నమలలేక.

"ఎలా చెప్తాను? ఆఖర్లో నువ్వు కావాలనే నెమ్మదించావు. నేను చూశాగా! గెలిస్తే నాకు ఉద్యోగం వస్తుందనే కదా?"

నోట్లో కాజా ఉంది కాబట్టి జవాబు చెప్పనక్కర్లేకపోయింది.

పరీక్ష మొదట వచ్చినవాడికి మాత్రమే చేస్తారని పరుగు రోజు పొద్దున్నే నాకు తెలిసింది. తాతాజీకి చెప్పలేదు.