పదిహేడో నంబరు

“పదిహేడుని తీసెయ్,” అన్నాడు ప్రొఫెసర్, తెర మీంచి కళ్ళు తిప్పకుండానే.

“మూడుసార్లు చేశాను సార్. యంత్రం మొత్తం కడిగి మళ్ళీ చేశాను. అదే వస్తోంది,” అంది పరిశోధక విద్యార్థిని.

తెర మీది గ్రాఫులో రెండు శిఖరాలు పక్కపక్కనే నిలబడి ఉన్నాయి. మొదటిది అందరి రక్తంలోనూ ఉండే ప్రొటీన్. రెండోదీ అదే, కాకపోతే ముప్పై రెండు డాల్టన్లు బరువెక్కువ. ఆ కాస్త తేడాకే దాని మడత విడిపోతుంది. విడిపోయినది ఏళ్ళ తరబడి గుండె గోడల్లో పేరుకుంటుంది. ఈ బరువు ప్రొటీన్ రోగుల్లోనే కనిపిస్తుంది, ఆరోగ్యంగా ఉన్నవాళ్ళలో కనిపించదని ప్రొఫెసర్ అచ్చుకి పంపబోయే పరిశోధన పేపర్ చెబుతుంది. పోల్చి చూడ్డానికి లాబ్ ఉన్న భవనంలో పనిచేసేవాళ్ళే నలభై మంది రక్తమిచ్చారు. సీసాల మీద అంకెలే ఉన్నాయి. పేర్లు సీలు వేసిన కవర్లో ఉన్నాయి.

“ముప్పై తొమ్మిది మంది చాలు. ఆ సీసా పగిలిందని రాయి.”

“పగల్లేదు కదా సార్.”

“పగలగొట్టు. ఆ మాత్రం చేతకాదా?”

ఆమె నవ్వలేదు. “ఆ మనిషికి జబ్బు మొదలవుతోంది సార్. ఇప్పుడే మందు వేసుకుంటే ఆగుతుంది. ఆలస్యమైతే మందూ పనిచెయ్యదు.”

“చెప్తే ఏమవుతుందో తెలుసా? ఆసుపత్రికి పరిగెడతాడు. వాళ్ళు రిపోర్టు అడుగుతారు. కమిటీ కూర్చుంటుంది. మొదటినుంచీ చెయ్యమంటుంది. ఈలోగా అవతలి లాబ్ వాళ్ళు అచ్చేసుకుని పేరు కొట్టేస్తారు. ఇరవై ఆరేళ్ళమ్మా. ఈ ఒక్క ప్రొటీన్ వెనకాల ఇరవై ఆరేళ్ళు తిరిగాను.”

ఆమె గోళ్ళు చూసుకుంటూ అంది: “సార్, నేను కవరు విప్పాను.”

ఆయన కుర్చీ మొదటిసారి ఆమె వైపు తిరిగింది.

“ఎవరికి చెప్పావ్?”

“ఎవరికీ చెప్పలేదు. ముందు మీకే...”

“నాకు చెప్పకు.” ఎదురొచ్చే బండిని ఆపుతున్నట్టు అరచెయ్యి అడ్డం పెట్టాడు. “పేరు తెలియనంతవరకూ అది అంకె. తెలిస్తే రోజూ ఆ మొహం చూడాలి.”

“ఆ మనిషికి కూతురుంది సార్. ఇది తరతరాలకీ దిగే జబ్బు. ఆ పిల్లకి కూడా...”

“లోకంలో అందరికీ కూతుళ్ళున్నారు. నాకు లేదా?” గొంతు తగ్గించాడు. “స్టోర్ కీపరే కదూ? రెండు మెట్లెక్కితే కొలిమి తిత్తిలా రొప్పుతాడు. నేనెప్పుడో అనుకున్నాను.”

ఆమె నోరు తెరిచింది.

“వద్దు, వద్దు. ఊరికే అన్నాను.” కానీ ఆ ఊహ ఆయనకి హాయిగా ఉంది. స్టోర్ కీపర్ మంచివాడే. ఉన్నా లేకపోయినా ఏ పేపరూ ఆగని మనిషి.

“ఐదేళ్ళు నా దగ్గర చేశావు. థీసిస్ మీద నా సంతకం కావాలా, పదిహేడో నంబరు కావాలా?”

ఈ ఐదేళ్ళలో ఆయన తనని ఒక్కసారి కూడా పేరు పెట్టి పిలవలేదని ఆమెకి ఎందుకో అప్పుడే తట్టింది.

“సంతకమే సార్.”

“ఎవరికీ చెప్పవు కదా?”

“చెప్పను.”

“నాక్కూడా.”

“మీక్కూడానా సార్?”

“ఎన్నిసార్లు చెప్పాలి నీకు?”

ఆమె పట్టికలో ఒక వరస చెరిపేసింది. తెర మీది బొమ్మ ముచ్చటగా, మచ్చలేకుండా తయారైంది. ప్రొఫెసర్ కలం తీసి, థీసిస్ కింద పేరు మొత్తం వచ్చేలా, తీరుబడిగా సంతకం చేశాడు. “తెలివైనదానివి,” అన్నాడు.

ఆమె పక్క గదిలోకి వెళ్ళింది. థీసిస్‌ని బల్ల మీద పెట్టి, కవర్లోంచి పేర్ల జాబితా తీసి, కాగితాలు ముక్కలు చేసే యంత్రానికి అందించబోతూ ఒక్కసారి ఆగి చూసింది.

పదిహేడో నంబరుకి ఎదురుగా ఉన్న పేరే, థీసిస్ మీద సంతకమై ఇంకా తడి ఆరకుండా ఉంది.